తల్లో సిస్ట్: పెండ్లి అయ్యేదాకా ఆగొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది పాకాల దగ్గర పల్లె. మా తమ్ముడికి 28 ఏండ్లు. మామిడి సీజన్‌లో తోటల నుంచి గుజ్జు ఫ్యాక్టరీకి కాయలు తోలే బండి నడుపుతాడు. ఏడాదిగా వాడికి ఉండుండి తలకాయ నొప్పి. వంగి క్రేట్లు ఎత్తితే ఎక్కువవుతుంది, కాసేపటికి దానంతటదే పోతుంది. ఈ మధ్య మతిమరుపు కూడా వచ్చింది. క్రేట్ల లెక్క తప్పి మండీ వాళ్ళతో గొడవలు పెట్టుకుంటున్నాడు. పోయిన నెలలో రెండుసార్లు, నిలబడినవాడు నిలబడినట్టే కాళ్ళు పట్టు తప్పి కూలబడ్డాడు. తెలివి పోలేదు, వెంటనే లేచాడు. బీపీ తగ్గిందేమో అనుకున్నాం. స్కాన్ తీస్తే మెదడులో మూడో వెంట్రికల్‌లో 11 మి.మీ. కొల్లాయిడ్ సిస్ట్ ఉందని, పక్క వెంట్రికల్స్ కొంచెం ఉబ్బాయని రాశారు. ఒక డాక్టర్ ఆపరేషన్ చేయించమన్నారు. ఇంకొకాయనకు రిపోర్టు చూపిస్తే క్యాన్సర్ కాదు గదా, ఆరు నెలలు చూద్దాం అన్నారు. మా అమ్మేమో, "అది పురుగే. మాత్రలు మింగితే చచ్చిపోతాది, తలకాయ కోపించేది ఏంటికి?" అంటోంది. మాఘంలో వాడి పెండ్లి. అంతకుముందే అలిపిరి నుంచి నడిచి పోయి తలనీలాలు ఇస్తామని మొక్కు ఉంది. అంతదాకా ఆగొచ్చా? అమ్మాయి వాళ్ళకు చెప్పాలా?
– ఒక అక్క, పాకాల

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం చేతికందిన రోజే మీకు ఫోన్ చేసి చెప్పాల్సింది చెప్పాను. పెండ్లి దాకా ఆగొద్దు. ఈ వారంలోనే న్యూరోసర్జన్‌కు చూపించండి. అంతవరకు మీ తమ్ముడి చేతికి బండి తాళం ఇవ్వొద్దు. ఇప్పుడు రాస్తున్నదంతా దానికి కారణాలు. ఇలాంటి రిపోర్టు చేతిలో పెట్టుకొని ఎటూ తేల్చుకోలేక కూర్చున్న ఇంకో ఇంటికి కూడా పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

మీరు ఎంతో రాశారు గానీ అందులో అసలైన విషయం ఒకే వాక్యంలో వచ్చి పోయింది. నిలబడ్డవాడు తెలివి ఉండగానే కాళ్ళు పట్టు తప్పి కూలబడటం. దీన్ని మేము డ్రాప్ అటాక్ అంటాం. ఫిట్స్ అయితే మామూలుగా తెలివి పోతుంది, ఒళ్ళు కొట్టుకుంటుంది. బీపీ పడిపోతే ముందు కండ్లు చీకట్లు కమ్ముతాయి, చెమట పడుతుంది. ఇది అట్లా కాదు. మోకాళ్ళలో బలం ఒక్క క్షణం మాయమై, మనిషి కిందపడి, అదే క్షణంలో "నాకేం కాలేదు" అంటూ లేచి నిలబడతాడు. అందుకే ఇంట్లో వాళ్ళు పట్టించుకోరు. ఈ సిస్ట్ ఉన్నవాళ్ళలో పేరుమోసిన లక్షణం ఇది. రెండో డాక్టర్ గారికి ఈ సంగతి చెప్పారా అని ఫోన్‌లో అడిగితే లేదన్నారు, రిపోర్టు కాగితం మాత్రమే చూపించామన్నారు. తమ్ముడు వెంట లేడు, ఫిల్ములూ లేవు. ఆయన ఆ కాగితానికి సమాధానం చెప్పారు, మీ తమ్ముడికి కాదు.

కొల్లాయిడ్ సిస్ట్ అంటే ఏమిటో చెబుతాను. మెదడు లోపల నాలుగు గదులున్నాయి, వెంట్రికల్స్ అంటాం. కుడి, ఎడమ చెరొకటి పెద్దవి, నడుమ సన్నగా మూడోది, వెనక కింద నాలుగోది. ఈ గదుల్లో ఉండే ఒక రకం పొరల నుంచి నీటిలాంటి ద్రవం ఊరుతూ ఉంటుంది. రోజుకు సుమారు 500 మి.లీ. ఊరుతుంది. ఏ సమయంలో చూసినా మెదడు, వెన్నుపాము చుట్టూ కలిపి ఉండేది మాత్రం 150 మి.లీ. దాకానే. అంటే రోజుకు మూడు సార్లకు పైగా పాతది పోయి కొత్తది వస్తుంటుంది. పక్క గదుల్లో ఊరిన నీళ్ళు మూడో గదిలోకి దిగాలంటే రెండు చిన్న రంధ్రాల గుండా రావాలి. 18వ శతాబ్దంలో ఎడింబరోలో శరీరశాస్త్రం చెప్పిన అలెగ్జాండర్ మన్రో పేరే వాటికి పెట్టారు. కొల్లాయిడ్ సిస్ట్ పుట్టేది సరిగ్గా అక్కడ, మూడో గది పైకప్పుకు ముందు భాగంలో, ఆ రంధ్రాల పక్కనే. మన చెరువుల్లో తూము నోటికి అడ్డంగా ఒక మొద్దు తేలుతున్నట్టు అనుకోండి. ఒకప్పుడు పక్కకు జరుగుతుంది, ఒకప్పుడు నోరు మూస్తుంది. నొప్పి ఉండుండి రావడం, వంగితే ఎక్కువై దానంతటదే పోవడం ఇందువల్లనే కావచ్చు.

సిస్ట్ లోపల ఉండేది జిగట పదార్థం. చుట్టూ పలచని గోడ. ఇది క్యాన్సర్ కాదు, ఇంకో చోటికి పాకదు. గర్భంలో బిడ్డ తయారవుతున్నప్పుడే దీనికి బీజం పడుతుంది. నెమ్మదిగా పెరిగి చాలామందిలో 20 నుంచి 50 ఏండ్ల మధ్య బయటపడుతుంది. మీ వాడు ఏదో తిన్నందుకో, ఎండలో తిరిగినందుకో, ఫోన్ ఎక్కువ చూసినందుకో వచ్చింది కాదు. ఏటా పది లక్షల మందిలో ముగ్గురికి కనిపించేంత అరుదు. కాబట్టి ఇది చదివి తలనొప్పి ఉన్న ప్రతివాళ్ళూ స్కాన్ సెంటర్‌కు పరుగెత్తొద్దని కూడా ఇక్కడే చెబుతున్నాను.

క్యాన్సర్ కాదు కాబట్టి తొందర లేదు అనే మాట దగ్గరే చాలామంది పొరబడతారు. తల ఎముకల డబ్బా లోపల సాగే చోటు లేదు. నీళ్ళు ఊరడం ఆగదు, పోయే దారి మూసుకుంటే గదులు ఉబ్బుతాయి, మెదడు మీద ఒత్తిడి పెరుగుతుంది. గడ్డ మంచిదైనా అది కూర్చున్న చోటు మంచిది కాదు. కొందరిలో ఏండ్ల తరబడి ఊరికే ఉండి, ఒక రోజు కొన్ని గంటల్లోనే మనిషి మత్తులోకి జారి ప్రాణం మీదికి వచ్చిన సందర్భాలు వైద్యంలో నమోదై ఉన్నాయి. మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. మాఘం ఇంకా ఆరేడు నెలలుంది, మీ రిపోర్టులో గదులు ఇప్పటికే ఉబ్బాయని ఉంది కాబట్టి చెబుతున్నాను.

ఆరు నెలలు చూద్దాం అన్న డాక్టర్ గారి మాట ఎవరికి సరిపోతుందో కూడా చెప్పాలి. బైక్ మీద నుంచి పడి తలకు దెబ్బ తగిలిందని సీటీ తీస్తే 5 మి.మీ. సిస్ట్ కనిపించింది. తలనొప్పి లేదు, గదులు మామూలుగా ఉన్నాయి. అలాంటి మనిషికి ఆపరేషన్ చేయడం కంటే నిర్ణీత కాలానికి ఒకసారి ఎమ్మారై తీసి చూడటమే మేలు. అమెరికాలో మేయో క్లినిక్ వైద్యులు లక్షణాలు లేకుండా బయటపడ్డ 68 మంది వివరాలను 1999లో ప్రచురించారు. రెండేండ్లకు, ఐదేండ్లకు సిస్ట్ వల్ల ఎవరికీ ఇబ్బంది రాలేదు. పదేండ్ల నాటికి 8 శాతం మందిలో వచ్చింది. అది ధైర్యం చెప్పే లెక్కే. కానీ లక్షణాలు లేనివాళ్ళ లెక్క.

2016లో అమెరికాలోనే ఇంకొక బృందం ప్రమాదాన్ని అంచనా వేయడానికి ఐదు పాయింట్ల పద్ధతి పెట్టింది. వయసు 65 లోపు ఉండటం, తలనొప్పి ఉండటం, సిస్ట్ 7 మి.మీ. లేదా అంతకు మించడం, ఫ్లెయిర్ అనే ఎమ్మారై చిత్రాల్లో అది తెల్లగా కనబడటం, మూడో గదిలో ప్రమాదకరమైన భాగంలో ఉండటం. ఒక్కొక్కదానికి ఒక్క పాయింట్. మీ తమ్ముడికి ఫిల్ములు చూడకుండానే మూడు వచ్చాయి. నిజానికి వాడి విషయంలో ఆ లెక్క కూడా అక్కర్లేదు. గదులు ఉబ్బి, లక్షణాలు ఉన్నాక ఇంక చూద్దాం అనేదానికి చోటు లేదు.

క్రేట్ల లెక్క సంగతి. దాన్ని మీరు వాడి అజాగ్రత్త అన్నట్టు రాశారు, మండీలో గొడవలంటూ విసుక్కున్నారు కూడా. ఈ సిస్ట్‌కు ఆనుకునే ఫోర్నిక్స్ అనే సన్నని నరాల కట్ట ఉంటుంది. కొత్త విషయాలు గుర్తుపెట్టుకోవడానికి అది చాలా ముఖ్యం. ఒత్తిడికి అది నలిగితే పొద్దున జరిగింది సాయంత్రానికి గుర్తుండదు. పాత సంగతులు, ఊళ్ళో బాకీలు, చిన్నప్పటి స్నేహితులు అన్నీ చక్కగా గుర్తుంటాయి కాబట్టి ఇంట్లో వాళ్ళకు అనుమానం రాదు. డెబ్బై రెండు క్రేట్లు ఎక్కించి అరవై ఎనిమిది అని రాస్తే అందరూ వాణ్ణి తిడతారు గానీ, జబ్బని ఎవరనుకుంటారు? ముందు వాణ్ణి తిట్టడం ఆపండి. రెండోది, ఈ సంగతి సర్జన్‌కు తప్పకుండా చెప్పి, ఆపరేషన్‌కు ముందే జ్ఞాపకశక్తి పరీక్ష చేయించమని అడగండి. తర్వాత ఏదైనా తేడా వస్తే అది జబ్బుదా, ఆపరేషన్‌దా అని తేల్చుకోవడానికి ముందటి కొలత చేతిలో ఉండాలి. కంటి వెనక నరం వాచిందేమో కూడా చూపించండి. తల్లో ఒత్తిడి ఎక్కువ రోజులుంటే చూపు దెబ్బతింటుంది.

ఇక అమ్మగారి పురుగు మాట. ఆమెను కొట్టిపారేయకండి, ఆమె గాలిలోంచి తెచ్చిన మాట కాదది. మన దేశంలో తల్లో సిస్ట్ అనగానే ఎక్కువమందికి గుర్తొచ్చేది న్యూరోసిస్టిసెర్కోసిస్. పంది మాంసం ద్వారా మనిషి పేగుల్లో చేరే బద్దెపురుగు గుడ్లు కలుషితమైన నీళ్ళ ద్వారా, సరిగ్గా కడగని ఆకుకూరల ద్వారా, శుభ్రం లేని చేతుల ద్వారా కడుపులోకి పోయి, దాని పిల్ల మెదడులో గూడు కట్టుకోవడం ఆ జబ్బు. పంది మాంసం ముట్టనివాళ్ళకు కూడా వస్తుంది. ఫిట్స్ రావడానికి అదొక పెద్ద కారణం. దానికి ఆల్బెండజోల్ వాడతారు. మీ ఊళ్ళో ఎవరికో ఆ మాత్రలతో తగ్గి ఉంటుంది, అమ్మ అది చూసి ఉంటారు. కొల్లాయిడ్ సిస్ట్‌లో పురుగు లేదు, చచ్చేందుకు ఏమీ లేదు. బడిలో పిల్లలకు ఇచ్చే నులిపురుగుల మాత్రతో గానీ, దాన్ని పదింతలు మింగినా గానీ ఇది ఒక్క మిల్లీమీటర్ తగ్గదు.

బద్దెపురుగు గూడు కూడా అరుదుగా ఇవే గదుల్లో చేరుతుంది. రెండింటికీ తేడా ఎమ్మారైలో రేడియాలజిస్టు, సర్జన్ చూసి చెబుతారు. ఒకవేళ అదే అనుకున్నా, తల్లో నీళ్ళకు దారి మూసుకున్నప్పుడు మందుల షాపులో కొన్న పురుగుల మందు సొంతంగా వేయడం ప్రమాదం. పురుగు చచ్చేటప్పుడు వాపు పెరిగి ఉన్న కాస్త దారీ మూసుకుంటుంది. అమ్మకు ఇదే మాట చెప్పండి, వింటారు. శొంఠి పట్టు వేస్తానంటే వేయనివ్వండి, దానితో నష్టం లేదు. ముక్కులో పసరు పోయించే వాళ్ళ దగ్గరికి మాత్రం తీసుకుపోనివ్వొద్దు.

ఆపరేషన్ తేదీ వచ్చేలోగా కొన్ని జాగ్రత్తలు. బండి తోలొద్దన్నాను. చెట్టెక్కడం, నిచ్చెన ఎక్కడం, బావిలో ఈత కూడా వద్దు. కూలబడేది ఎప్పుడో ఎవరూ చెప్పలేరు. స్నానాల గదికి లోపల గడియ వేసుకోవద్దని చెప్పండి. తలనొప్పి తగ్గకుండా పెరుగుతున్నా, వాంతులవుతున్నా, చూపు మసకబారినా, ఒకటి రెండుగా కనబడినా, అన్నిటికన్నా ముఖ్యంగా పగటిపూట మత్తుగా పడుకొని లేపితే సరిగ్గా పలకకపోయినా, అది రాత్రి రెండు గంటలైనా సరే 108కి ఫోన్ చేయండి. నిద్రపోతున్నాడు, పొద్దున చూద్దాం అనుకున్న ఇండ్లలోనే ఘోరం జరుగుతుంది. దగ్గర్లోని చిన్న ఆసుపత్రిలో చేర్చి సెలైన్ పెట్టించి కూర్చోవద్దు. రాత్రిపూట సీటీ, న్యూరోసర్జన్ ఉండే చోటికే పోవాలి. పాకాల నుంచి తిరుపతి నలభై కిలోమీటర్లకు అటుఇటు, అక్కడ స్విమ్స్ ఆసుపత్రి ఉంది. అలాంటి స్థితిలో వాళ్ళు ముందు చేసే పని పుర్రెకు చిన్న రంధ్రం పెట్టి సన్నని గొట్టంతో గదుల్లోని నీటిని బయటికి తీయడం. నిమిషాల్లో అయ్యే ఆ పని ప్రాణాన్ని నిలబెడుతుంది. సిస్ట్ సంగతి తర్వాత.

ఇంకొక్క మాట బాగా గుర్తుపెట్టుకోండి. జ్వరం, తలనొప్పి, అయోమయం అని పోతే మెదడువాపు అనుమానంతో వెన్నులో సూది గుచ్చి నీరు తీయాలనే ఆలోచన కొత్త డాక్టర్లకు రావొచ్చు. పైన దారి మూసుకొని ఉండగా కింద నీరు తీస్తే మెదడు కిందికి జారి ప్రాణం పోవచ్చు. అందుకే స్కాన్ రిపోర్టును ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. ఆ ఫొటో మీ దగ్గరా, తమ్ముడి దగ్గరా, ఇంటి పక్కన నమ్మకమైన ఒకరి దగ్గరా ఉండాలి. ఎవరు తీసుకుపోయినా మొదటి మాటగా "మూడో వెంట్రికల్‌లో కొల్లాయిడ్ సిస్ట్ ఉంది" అని చెప్పాలి.

ఆపరేషన్ గురించి మీకున్న భయం నాకు అర్థమవుతుంది. ఈ సిస్ట్‌ను వైద్యులు 1858లోనే వర్ణించారు, కానీ విజయవంతంగా తీయగలిగింది 1921లో, బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్‌లో వాల్టర్ డాండీ అనే సర్జన్. అప్పటికి సీటీ లేదు, ఎమ్మారై లేదు, ఆపరేషన్ గదిలో మైక్రోస్కోప్ లేదు. ఇప్పుడు ప్రధానంగా రెండు దారులున్నాయి. మొదటిది ఎండోస్కోప్. జుట్టు మొదలయ్యే చోటికి కాస్త వెనక, మామూలుగా కుడివైపు, పుర్రెకు చిన్న రంధ్రం పెట్టి సన్నని గొట్టాన్ని పక్క గదిలోకి దింపుతారు. దాని చివర కెమెరా ఉంటుంది. మన్రో రంధ్రం దగ్గర సిస్ట్ కనబడుతుంది. దాన్ని చీల్చి లోపలి జిగటను పీల్చేసి, గోడను వీలైనంత తీసేస్తారు. గదులు ఉబ్బి ఉండటం ఈ పద్ధతికి కొంత అనుకూలం, గొట్టం తిప్పడానికి చోటుంటుంది. రెండోది మైక్రోస్కోప్ కింద చేసేది. కొంచెం పెద్ద కిటికీలా ఎముక తీసి, మెదడు రెండు సగాల మధ్య సందులోంచి పోయి, వాటిని కలిపే వంతెనలాంటి భాగంలో చిన్న చీలిక చేసి సిస్ట్‌ను చేరుకుంటారు. మొదటి దాంట్లో త్వరగా కోలుకుంటారు, కొద్ది రోజుల్లో ఇంటికి రావొచ్చు. రెండో దాంట్లో గోడతో సహా పూర్తిగా తీసే అవకాశం ఎక్కువ. గోడ కొంత మిగిలితే మళ్ళీ పెరిగే అవకాశం ఉంటుంది. ఏది మంచిదని నన్నడిగితే, మీ సర్జన్ చేతికి ఏది బాగా అలవాటో అది మంచిది అంటాను. దాటవేస్తున్నానని అనుకోవద్దు, ఈ ఆపరేషన్‌లో చేతి అనుభవానికి అంత విలువ ఉంది.

కాబట్టి మొహమాటపడకుండా అడగండి. ఇలాంటివి మీరు చేశారా సార్? ఏ పద్ధతి? లోపలి పదార్థం పలచగా ఉన్నట్టుందా, గట్టిగా ఉన్నట్టుందా? గోడ మిగిలితే ఏం చేస్తారు? జ్ఞాపకశక్తికి ఎంత ప్రమాదం? షంట్ వేయాల్సి వస్తుందా? ఈ చివరిది ఎందుకంటే, సిస్ట్ తీసినా కొందరిలో నీళ్ళు సరిగ్గా కదలవు. అప్పుడు తల నుంచి కడుపులోకి చర్మం కింద సన్నని గొట్టం వేస్తారు. సిస్ట్ తీయకుండా షంట్ మాత్రమే వేసే సందర్భాలూ ఉన్నాయి, కానీ రెండు వైపులా దారి మూసుకుంటే రెండు గొట్టాలు కావాల్సి రావొచ్చు, గొట్టం ఎప్పుడైనా మూసుకుపోవచ్చు. 28 ఏండ్ల కుర్రాడికి మొదటి ఎంపిక అది కాదు. ఆపరేషన్‌లో ప్రమాదాలు లేవని నేను అనను. రక్తస్రావం, ఇన్ఫెక్షన్, ఫిట్స్, కొన్నాళ్ళు మతిమరుపు, అరుదుగా శాశ్వతమైన మతిమరుపు ఉన్నాయి. కానీ వాటిని తూకం వేయాల్సింది ఏ ఇబ్బందీ లేని జీవితంతో కాదు, ఇప్పుడు మీ ఇంట్లో ఉన్న పరిస్థితితో.

ఎక్కడ చేయించాలన్నారు ఫోన్‌లో. తిరుపతిలో టీటీడీ చేతుల మీదుగా వెలసి 1993 నుంచి నడుస్తున్న స్విమ్స్‌లో న్యూరోసర్జరీ విభాగం ఉంది. చిత్తూరు వైపు వాళ్ళకు తరతరాలుగా అలవాటైనది వేలూరు సీఎంసీ ఆసుపత్రి. ఇప్పుడు వాళ్ళకు రాణిపేటలో కూడా పెద్ద ప్రాంగణం ఉంది, ఏ విభాగం ఎక్కడుందో కనుక్కొని బయల్దేరండి. డబ్బు సంగతికొస్తే ఎన్టీఆర్ వైద్య సేవ కౌంటర్‌లో మీ కార్డు చూపించి, ఈ ఆపరేషన్‌కు ఎంత వర్తిస్తుందో ముందే రాయించుకోండి. పేదవాళ్ళకు టీటీడీ ప్రాణదానం పథకం ఉంది, స్విమ్స్‌లో దాని గురించీ అడగండి. ఎక్కడికి పోయినా రిపోర్టు కాగితం ఒక్కటే కాకుండా ఫిల్ములు, సీడీ, ముఖ్యంగా తమ్ముణ్ణి వెంటబెట్టుకొని పోండి. కూలబడ్డ తేదీలు, అప్పుడు ఏం చేస్తున్నాడన్నది ఒక కాగితం మీద రాసుకోండి. సర్జన్ గది ముందు రెండు గంటలు కూర్చొని లోపలికి పోయాక సగం మరిచిపోతాం, అందరమూ అంతే.

మొక్కు. అలిపిరి దారిలో 3,550 మెట్లు. గాలిగోపురం దాకా ఊపిరాడనివ్వని ఎక్కుడు, చివర్లో మోకాళ్ళ పర్వతం. గుండెజబ్బు, ఉబ్బసం ఉన్నవాళ్ళు నడిచి రావొద్దని టీటీడీ వాళ్ళే చెబుతుంటారు. ఎప్పుడు కాళ్ళు పట్టు తప్పుతాయో తెలియని మనిషిని ఆ మెట్ల మీద ఊహించుకోండి. వద్దు. ఆపరేషన్ తర్వాత, సర్జన్ సరేనన్నాక నడవొచ్చు. అమ్మగారికి మనసొప్పకపోతే ఆయన వడ్డికాసులవాడని గుర్తు చేయండి. ఆలస్యానికి వడ్డీ కలిపి తీర్చుకుంటే సరిపోతుంది, బాకీ ఎగ్గొట్టడం లేదు గదా.

తలనీలాల దగ్గర ఇంకో చిక్కు వస్తుంది, చాలా ఇండ్లలో చూశాను. మొక్కుబడి జుట్టు ఆసుపత్రిలో పడితే దోషమని పెద్దవాళ్ళు ఆపరేషన్ ముందు రోజు అడ్డం తిరుగుతారు. దీన్ని ముందే మాట్లాడుకోండి. ఎండోస్కోప్ అయితే చాలాచోట్ల గాటు పడే మేర మాత్రమే జుట్టు తీస్తారు, మొత్తం గుండు అక్కర్లేదు. మొక్కు ఉందని సర్జన్‌కు చెబితే వీలైనంత ఉంచుతారు. ఆ తర్వాత గాయం పూర్తిగా మానేదాకా దాని మీద బ్లేడు తగలకూడదు. కల్యాణకట్టలో టోకెన్‌తో పాటు బ్లేడు చేతికిస్తారు, వందల మంది వరుసలో ఉంటారు, క్షురకుడి చేయి ఆగకుండా నడుస్తుంటుంది. కూర్చోగానే ముందుగా మచ్చ మీద వేలు పెట్టి చూపించమని తమ్ముడికి చెప్పండి. షంట్ వేసి ఉంటే చర్మం కింద ఉబ్బెత్తుగా తగులుతుంది, అక్కడ మరీ జాగ్రత్త.

చివరిగా పెండ్లి. అమ్మాయి వాళ్ళకు చెప్పాల్సిందే, ఆపరేషన్‌కు ముందే చెప్పాలి. దాచినా దాగదు. తల మీద మచ్చ ఉంటుంది, మాత్రలు ఉంటాయి, ఊళ్ళో నోళ్ళు ఉండనే ఉంటాయి. చెప్పే తీరులో తేడా ఉంది. "వాడికి తల్లో గడ్డ" అని మూడో మనిషి చెబితే ఆ ఇంట్లో వాళ్ళకు క్యాన్సర్ అనే వినిపిస్తుంది. మీ మేనమామో, ఆ సంబంధం కుదిర్చిన పెద్దమనిషో వెంట ఉండగా తమ్ముడే స్వయంగా చెప్పడం మేలు. వాళ్ళు అడిగే ప్రశ్నలు నాకు తెలుసు. ఇది క్యాన్సర్ కాదు. అంటుకోదు. పిల్లలు పుట్టడానికి అడ్డు కాదు. ఒకే కుటుంబంలో ఇద్దరికి కనిపించిన సందర్భాలు ఉన్నాయి గానీ అవి అత్యంత అరుదు, పుట్టబోయే పిల్లల గురించి భయపడాల్సిన పని లేదు. నమ్మకం కుదరకపోతే అమ్మాయి వాళ్ళ తరఫున ఒకరు సర్జన్ దగ్గరికి మీతో పాటు రావొచ్చు. ఆ అమ్మాయినే తీసుకొచ్చినా నాకైతే ఇంకా సంతోషం, కాపురం చేసేది ఆమె కదా.

మీ ఉత్తరంలో అమ్మ మాట ఉంది, ఇద్దరు డాక్టర్ల మాట ఉంది, మీ దిగులు ఉంది. తమ్ముడు ఏమంటున్నాడో మాత్రం ఒక్క ముక్క లేదు. వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకొని ఇదంతా చదివి వినిపించండి. సంతకం పెట్టాల్సిందీ, బల్ల మీద పడుకోవాల్సిందీ వాడే. సీజన్ మధ్యలో బండి ఆపితే కిస్తీలు ఎట్లా అన్నదే వాడి మొదటి బెంగ అయి ఉండొచ్చు. దానికి ఒక దారి మీరు చూపిస్తే మిగతాదానికి వాడే తలూపుతాడు. ఆపరేషన్ సాఫీగా జరిగితే చాలామంది కొన్ని వారాల్లో మామూలు పనుల్లో పడతారు. మళ్ళీ స్టీరింగ్ ఎప్పుడు పట్టాలన్నది సర్జన్ చెప్పాకే. తీసిన ముక్కను పరీక్షకు పంపి రిపోర్టు తీసుకోండి, తర్వాత చెప్పిన సమయానికి ఎమ్మారై తీయించండి. పురోహితుడి దగ్గరికి పోయి మాఘమా, ఫాల్గుణమా అని ముహూర్తం ఖాయం చేసుకునేది ఆ మొదటి ఎమ్మారై సర్జన్ చూశాకే పెట్టుకోండి.